ధర పెంచే ముందు మమ్మల్ని అడగాలి

మొన్న ఉదయం పప్పు పొయ్యి మీద పడేసి ఫోను చూసుకుంటే గ్యాస్ కంపెనీ నుంచి సందేశం వచ్చి ఉంది. రేపు ఉదయం ఆరు గంటల నుంచి పైపు గ్యాస్ ధర సవరించామని, కొత్త ధర ఘనపు మీటరుకు ఇంత అని. అంతే, రెండు వాక్యాలు. పాత ధర ఎంతో రాయలేదు. ఎందుకు పెంచారో రాయలేదు. కాదనుకుంటే ఎవరితో చెప్పుకోవాలో అసలే రాయలేదు. పెరిగింది రెండు రూపాయలని పాత బిల్లు తీసి చూసుకుంటే గానీ తెలియలేదు.

మేమిద్దరమే ఉంటాం. రెండు నెలలకు 16 ఘనపు మీటర్ల దాకా కాలుతుంది. అంటే మా మీద పడే అదనపు భారం 32 రూపాయలు. ఇంత చిన్న మొత్తానికి పత్రికకు రాయాలా అని మా ఇంట్లోనే అడిగారు. రాయాలనే అనిపించింది. ఎందుకంటే నేను 31 ఏళ్లు కరెంటు శాఖలో లెక్కలు రాసినదాన్ని. 1988లో విద్యుత్ బోర్డులో గుమాస్తాగా చేరి, బోర్డు ముక్కలై పంపిణీ సంస్థలు వచ్చాక అకౌంట్స్ ఆఫీసరుగా 2019లో రిటైరయ్యాను. చివరి పన్నెండేళ్లు నా పనంతా ఒక్కటే: ఏఆర్ఆర్ తయారు చేయడం. వచ్చే ఏడాది సంస్థకు ఎంత ఖర్చవుతుంది, ఇప్పుడున్న ఛార్జీలతో ఎంత వస్తుంది, లోటు ఎంత, ఆ లోటు పూడ్చడానికి ఎవరి మీద ఎంత వేయాలనుకుంటున్నాం అని విద్యుత్ నియంత్రణ మండలికి ఇచ్చే వార్షిక నివేదిక అది. నవంబరు 30లోగా మండలికి చేరాలి. దీపావళి వచ్చిందంటే మా సెక్షన్‌లో రాత్రి తొమ్మిది దాకా లైట్లు వెలిగేవి. యూనిట్‌కు పైసా పెంచాలన్నా ఇన్ని కాగితాలు రాసి, అచ్చు వేయించి, పత్రికల్లో ప్రకటన ఇచ్చి, జనం ముందుకెళ్లి నిలబడాల్సిందే. వంటింట్లోకి తీగ వేసిన సంస్థకు ఈ బాధ్యత ఉన్నప్పుడు, అదే వంటింట్లోకి పైపు వేసిన సంస్థకు ఎందుకు లేదన్నది నా ప్రశ్న.

బహిరంగ విచారణ ఎలా జరుగుతుందో చూడనివారికి ఒక్కటి చెబుతాను. 2000 దశకం చివర్లో ఒక జిల్లా పరిషత్ సమావేశ మందిరంలో విచారణ. వేదిక మీద మండలి ఛైర్మన్, సభ్యులు. ఒక పక్క మా సీఎండీ, డైరెక్టర్లు, వాళ్ల వెనక వరసలో ఫైళ్లు పట్టుకుని మేం. ఎదురుగా రైతులు, చిన్న పరిశ్రమల వాళ్లు, ట్రేడ్ యూనియన్ వాళ్లు. ఒక పెద్దాయన వంతు వచ్చింది. అరవై దాటి ఉంటాయి. ప్లాస్టిక్ సంచీలోంచి ఎర్ర అట్ట లెక్కల పుస్తకం తీశాడు. తన చేలో ఐదు హార్స్‌పవర్ మోటారుకు త్రీఫేజ్ కరెంటు రోజూ ఎన్ని గంటలకు వచ్చిందో, ఎన్నింటికి పోయిందో ఏడాదిపాటు రాసుకున్నాడు. ఒక్క రోజు కూడా వదల్లేదు. వానలు పడి మోటారు వేయని రోజులకు కూడా ‘వేయలేదు’ అని రాసి ఉంది.

‘అయ్యా, వ్యవసాయానికి ఇన్ని యూనిట్లు ఇచ్చామని మీరు రాశారు. మా చేలకు మీటర్లు లేవు గనక మీరు రాసిందే లెక్క. నా మోటారు ఎన్ని గంటలు తిరిగిందో ఇదిగో. మా ఊళ్లో మోటార్లన్నీ ఇదే ఫీడరు మీద ఉన్నాయి. ఈ లెక్కన మీరు చెప్పినన్ని యూనిట్లు మా ఊరికి రాలేదు. మరి మిగతావి ఎక్కడ పోయాయి?’ అన్నాడు.

ఐదు హార్స్‌పవర్ అంటే 3.73 కిలోవాట్లు. నేను వెనక కూర్చునే కాలిక్యులేటర్ మీద గుణించుకున్నాను. ఆయన లెక్క తప్పు కాదు. లైన్లలో పోయేది, దొంగతనంగా పోయేది కొంత వ్యవసాయం ఖాతాలో కలిసిపోతోందన్నది మా శాఖలో తెలియని సంగతేం కాదు. కానీ ఆ సంగతిని వేదిక మీద ఉన్నవాళ్ల ముందు, రికార్డుల్లోకి ఎక్కేలా అడిగింది ఆ రైతు. మండలి సభ్యుడొకరు మా డైరెక్టర్ వైపు తిరిగి, ఆ ఫీడరు రీడింగులు వారంలోగా ఇవ్వమన్నారు. ఆ వారం మేం పడిన అవస్థ నాకు ఇంకా గుర్తుంది. ఆ ఏడాది టారిఫ్ ఆర్డరులో మేం వ్యవసాయానికి చూపిన యూనిట్ల అంచనాను మండలి కత్తిరించింది. దాంతో మేం అడిగిన లోటూ తగ్గింది. సంస్థ తరఫున పనిచేసినదాన్ని అయినా ఆ రోజు ఇంటికి వెళ్తూ ఆ పెద్దాయనకు మనసులో దండం పెట్టుకున్నాను. జీతం ఇచ్చేది సంస్థే గానీ, ఆ జీతం వచ్చేది ఆయన బిల్లులోంచే.

ఈ ఏర్పాటు ఊరికే రాలేదు. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది, 1999లో నియంత్రణ మండలి ఏర్పడింది. 2000లో ఛార్జీలు పెరిగితే రాష్ట్రమంతా రోడ్డు మీదికి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. మండలి ఉంది గదా అని అప్పుడు జనం ఊరుకోలేదు, ఊరుకోవలసిన పనీ లేదు. తర్వాత వచ్చిన 2003 విద్యుత్ చట్టం ఒక పద్ధతిని దేశం మొత్తానికి ఖాయం చేసింది. సంస్థ దరఖాస్తు పెట్టాలి, దాని సారాంశాన్ని ప్రచురించాలి, జనం అభ్యంతరాలు వినాలి, 120 రోజుల్లో మండలి ఉత్తర్వు ఇవ్వాలి, తోసిపుచ్చితే ఎందుకో కారణాలు రాయాలి. కారణాలు రాయాలన్నది ముఖ్యం.

ఇది పనిచేస్తుందా అని అడిగేవాళ్లకు తెలంగాణలో జరిగింది చెబుతాను. 2024లో అక్కడి డిస్కంలు (పంపిణీ సంస్థలు) నెలకు 300 యూనిట్లు దాటి వాడే ఇళ్లకు స్థిర ఛార్జీని కిలోవాట్‌కు 10 రూపాయల నుంచి 50 రూపాయలకు పెంచాలని అడిగాయి. ఇతర వర్గాల ప్రతిపాదనలూ కలిపి దాదాపు 1,200 కోట్ల రూపాయల భారం. విచారణ జరిగింది. జనం వచ్చి మాట్లాడారు. అక్టోబరు 28న మండలి ఇళ్ల స్థిర ఛార్జీ పెంపును తిరస్కరించింది. 10 రూపాయలు 10గానే ఉంది. అడిగేచోటు ఉంటే ఇలాంటిదొకటి జరగడానికి అవకాశం ఉంటుంది.

ఇప్పుడు గ్యాస్ సంగతికి వస్తాను. దీనికీ ఒక మండలి ఉంది. 2006లో పార్లమెంటు చేసిన చట్టం కింద ఏర్పడిన పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి. ఢిల్లీలో ఉంటుంది. ఏ జిల్లాలో ఏ కంపెనీ పైపులు వేయాలో వేలం పెట్టి నిర్ణయించేది అదే. గెలిచిన కంపెనీకి ఆ జిల్లాలో 25 ఏళ్లపాటు వేరెవరూ పైపులు వేయకుండా ప్రత్యేక హక్కు ఇస్తుంది. మొదటి కొన్నేళ్లు ఆ పైపుల్లో వేరెవరూ గ్యాస్ అమ్మడానికి కూడా వీల్లేదు. దూర ప్రాంతాల నుంచి గ్యాస్ మోసుకొచ్చే పెద్ద పైపులైన్ల రవాణా ఛార్జీనీ అదే నిర్ణయిస్తుంది. ఇన్ని చేసే మండలి, చివరికి నా పొయ్యి దగ్గర మీటరు తిరిగే ధర మాత్రం నిర్ణయించదు. నిర్ణయించలేదు. అది కంపెనీ ఇష్టం.

ఒకసారి ఆ మండలి ప్రయత్నించింది. 2012 ఏప్రిల్ 9న ఢిల్లీలో గ్యాస్ సరఫరా చేసే ఇంద్రప్రస్థ గ్యాస్ లిమిటెడ్ లెక్కలు చూసి ఒక ఉత్తర్వు ఇచ్చింది. పైపుల నెట్‌వర్క్ వాడకానికి పది లక్షల బీటీయూలకు (గ్యాస్‌ను దాని వేడితో కొలిచే ప్రమాణం) 104.05 రూపాయలు కంపెనీ లెక్క. 38.58 రూపాయలు చాలని మండలి తేల్చింది. సీఎన్‌జీ నింపడానికి వాయువును ఒత్తిడి పెట్టే ఛార్జీ కిలోకు 6.66 రూపాయలుంటే దాన్ని 2.75కి దించింది. 2008 ఏప్రిల్ నుంచే ఇది వర్తిస్తుందని చెప్పింది. లెక్కలు రాసినదాన్ని గనక ఈ రెండు అంకెల తేడా చూసి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. వందకు పైగా అడిగితే నలభై లోపే చాలని ఒక ప్రభుత్వ మండలి కాగితం మీద రాసిన ధర అది. కంపెనీ వాదన వేరు, దాని ఖర్చుల లెక్క వేరు, అది సరైనదే కావచ్చు కూడా. ఎవరి లెక్క నిజమో తేలే దాకా మాత్రం పోలేదు.

ఎందుకంటే కంపెనీ కోర్టుకు వెళ్లింది. 2012 జూన్ 1న ఢిల్లీ హైకోర్టు, 2015 జులై 1న సుప్రీంకోర్టు ఒకే మాట చెప్పాయి. నగర గ్యాస్ కంపెనీలు వినియోగదారుకు అమ్మే ధర గానీ, అందులో భాగమైన నెట్‌వర్క్ ఛార్జీ గానీ నిర్ణయించే అధికారం చట్టం మండలికి ఇవ్వలేదని. నేను ఆ తీర్పును తప్పుపట్టను. 2006 చట్టం చదివితే కోర్టు చెప్పింది నిజమే. అమ్మే సంస్థ నిర్ణయించిన గరిష్ఠ చిల్లర ధరను వినియోగదారుకు కనబడేలా ప్రదర్శించాలని ఆ చట్టంలో ఉంది. నిర్ణయించేది సంస్థే, కనబడేలా పెడితే చాలు. నాకు వచ్చిన రెండు వాక్యాల సందేశం ఆ చట్టం ప్రకారం సక్రమమైనదే. నా ఫిర్యాదు కోర్టు మీద కాదు, ఆ సందేశం పంపిన కంపెనీ మీద కూడా కాదు. చట్టం మీద.

ఏఆర్ఆర్ పనిలో ఉన్నప్పుడు మా లాయర్ల నోట ఒక అమెరికా కేసు పేరు తరచూ వినేదాన్ని. పెట్టుబడి మీద సంస్థకు ఎంత రాబడి ఇవ్వాలన్న చర్చ వస్తే చాలు, హోప్ కేసు అనేవారు. ఏమిటా అని ఒకసారి పూర్తిగా చదివాను. అది గ్యాస్ కేసే. హోప్ నేచురల్ గ్యాస్ అనే కంపెనీ వెస్ట్ వర్జీనియా నుంచి ఒహాయో రాష్ట్రానికి టోకున గ్యాస్ అమ్మేది. ధర విపరీతంగా ఉందని 1938లో క్లీవ్‌లాండ్, ఆక్రన్ నగరాలు ఫెడరల్ పవర్ కమిషన్‌కు ఫిర్యాదు చేశాయి. ఆ ఏడాదే వాళ్ల పార్లమెంటు సహజవాయు చట్టం చేసి, రాష్ట్రాలు దాటే టోకు గ్యాస్ ధరను న్యాయంగా, సహేతుకంగా ఉండేలా నిర్ణయించే అధికారం కమిషన్‌కు ఇచ్చింది. 1942లో కమిషన్ ఆ కంపెనీ ఏడాదికి 36 లక్షల డాలర్లకు పైగా తగ్గించుకోవాలని ఆదేశించింది. అప్పీలు కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. 1944 జనవరి 3న సుప్రీంకోర్టు తిరిగి నిలబెట్టింది. కంపెనీ బతకాలి, దానిలో డబ్బు పెట్టినవాడికి తగిన రాబడి రావాలి, వినియోగదారు మీద అన్యాయమైన భారం పడకూడదు, ఇవన్నీ తూచి మొత్తం ఫలితం న్యాయంగా ఉందా లేదా చూడాలన్నది ఆ తీర్పు సారం. ఇప్పటికీ అక్కడి ప్రతి గ్యాస్ కంపెనీ ధరల దరఖాస్తు ఆ తీర్పు నీడలోనే నడుస్తుంది.

అక్కడ గ్యాస్ ధర తగ్గించిన కమిషన్ గెలిచింది. ఇక్కడ గ్యాస్ ఛార్జీ తగ్గించిన మండలి ఓడింది. అక్కడి న్యాయమూర్తులు దయగలవాళ్లని, మనవాళ్లు కారని కాదు. అక్కడి చట్టంలో ఆ అధికారం రాసి ఉంది, మన చట్టంలో లేదు. అంతే తేడా.

ఆ తేడా రోజువారీ బతుకులో ఎలా ఉంటుందో కిందటిసారి మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు చూశాను. డాలస్ పక్కన ప్లేనోలో ఉంటుంది. ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల ఇళ్లు ఎన్ని ఉన్నాయో చెప్పక్కర్లేదు. చలికాలంలో వంటకే కాదు, ఇల్లు వెచ్చబెట్టడానికీ, నీళ్లు కాచుకోవడానికీ గ్యాసే. కంపెనీ ధర పెంచమని అడుగుతోందని, ఎంత అడుగుతోందో, సగటు ఇంటి బిల్లు మీద ఎంత పడుతుందో వివరిస్తూ వచ్చిన నోటీసును మా అమ్మాయి చెత్తబుట్టలో వేయబోతుంటే నేను తీసుకుని చదివాను. టెక్సస్‌లో నగరం హద్దుల్లో గ్యాస్ ధర మీద మొదటి అధికారం ఆ నగర పాలక మండలిదే. అక్కడ కాదంటే కంపెనీ టెక్సస్ రైల్‌రోడ్ కమిషన్‌కు అప్పీలుకు వెళ్లాలి. పేరు రైళ్లదే గానీ, 1891లో రైళ్ల కోసం పెట్టిన ఆ కమిషన్ ఇప్పుడు చూసేది చమురు, గ్యాస్ వ్యవహారాలు. దాని ముగ్గురు సభ్యులనూ జనమే ఓటు వేసి ఎన్నుకుంటారు. డాలస్ ప్రాంతంలో చాలా నగరాలు కలిసి ఒక కమిటీగా ఏర్పడ్డాయి. ఆ కమిటీ లెక్కల నిపుణులను పెట్టుకుని కంపెనీ పుస్తకాలు తిరగేయిస్తుంది, కంపెనీ అడిగినదానికంటే తక్కువకు బేరం ఆడుతుంది. ఆ నిపుణుల ఖర్చును కంపెనీ చెల్లించాలని చట్టం. మా విచారణలకు సొంత ఖర్చుతో బస్సెక్కి, ఇంటి దగ్గర అన్నం కట్టుకుని వచ్చిన రైతులు నాకు అప్పుడు గుర్తుకొచ్చారు.

అక్కడంతా సక్రమంగా ఉందని చెప్పడం లేదు. 2003లో అక్కడ ఒక చట్టం చేశారు. కొత్త పైపుల మీద పెట్టిన పెట్టుబడికి పూర్తి విచారణ లేకుండానే ఏటా ధర పెంచుకునే వెసులుబాటు అది కంపెనీలకు ఇచ్చింది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో గ్యాస్ ధర ఆకాశానికి ఎగిరినప్పుడు కంపెనీలు కొన్నదానికి అయిన వందల కోట్ల డాలర్లు చివరికి బాండ్ల రూపంలో జనం బిల్లుల మీదికే వచ్చాయి. ఆ బాండ్ల విలువ దాదాపు 350 కోట్ల డాలర్లు. మా అమ్మాయి కూడా ఆ మంచుకు తన వంతు కడుతోంది. మన దగ్గరా అంతే. 2022 డిసెంబరులో కేంద్రం తెచ్చిన నిబంధనతో కరెంటు కొనుగోలు ఖర్చు సర్దుబాటును నెలనెలా విచారణ లేకుండానే బిల్లులో కలిపే దారి తెరుచుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో యూనిట్‌కు 40 పైసలు అలాగే వచ్చి చేరాయి. మండలి ఉన్నచోట కూడా దాన్ని దాటిపోయే అడ్డదారులు వేస్తూనే ఉంటారు. అయితే అడ్డదారి వేశారని పట్టుకోవాలన్నా ముందు రహదారి ఉండాలి. గ్యాస్‌కు మనకు ఆ రహదారే లేదు.

కంపెనీల వైపు నుంచి చెప్పే మాటలు నాకు తెలుసు. అటువైపు కుర్చీలో నేనూ కూర్చున్నాను. గ్యాస్ కొనే ధర మా చేతిలో లేదంటారు. నిజమే. దేశంలో పాత బావుల నుంచి వచ్చే గ్యాస్ ధరను కేంద్రమే ప్రకటిస్తుంది. 2021 అక్టోబరులో పది లక్షల బీటీయూలకు 2.90 డాలర్లున్నది 2022 ఏప్రిల్‌లో 6.10 అయింది, అదే ఏడాది అక్టోబరులో 8.57 అయింది. ఏడాదిలో దాదాపు మూడింతలు. ఏ కంపెనీ అయినా తట్టుకోలేదు. 2023 ఏప్రిల్‌లో కేంద్రం పద్ధతి మార్చి, మనం కొనే ముడిచమురు ధరలో పదో వంతుగా లెక్కగట్టి, 6.50 డాలర్లు మించకుండా గరిష్ఠ పరిమితి పెట్టింది. అప్పుడు కంపెనీలు పైపు గ్యాస్ ధర తగ్గించాయి కూడా. మా బిల్లూ తగ్గింది, కాదనను. అయితే 8.57 నుంచి 6.50 అంటే కొనుగోలు ధర దాదాపు నాలుగో వంతు తగ్గినట్టు. ఆ తగ్గినదంతా మా దాకా వచ్చిందా, కొంత మధ్యలో ఆగిందా? ఆగితే న్యాయమైన కారణంతోనే ఆగిందా? చూసి చెప్పగల కాగితం ఒక్కటీ ఏ వినియోగదారు చేతికీ రాలేదు. నేను అడిగేది ఆ కాగితం.

ఇంకో మాటంటారు. మా గ్యాస్ నచ్చకపోతే సిలిండర్ ఉంది గదా, పోటీ ఉన్నచోట నియంత్రణ ఎందుకని. మా ఇంట్లో పైపు వచ్చాక బండ తిరిగి ఇచ్చేశాం. ఆ సందు బిగించి అక్కడ డబ్బాల అర పెట్టించాం. గోడకు కన్నం వేసి పసుపు రంగు పైపు తెచ్చారు, గట్టు కింద మీటరు పెట్టారు, డిపాజిట్ కట్టాం. మళ్లీ మనసు మార్చుకుని బండ తెచ్చుకోవడం కూరగాయల బండి మార్చినంత తేలిక కాదు. పైగా ఆ బండ ధరకు కూడా విచారణ లేదు, అదీ రాత్రికి రాత్రి మారేదే. 2025 ఏప్రిల్‌లో ఒక్కసారే 50 రూపాయలు పెంచారు. విచారణ లేని ధర ఒకటి, విచారణ లేని మరో ధరకు పోటీ అంటే దాన్ని నేను పోటీ అనను. ఇరవై అయిదేళ్లు ఇంకెవరూ పైపు వేయకుండా ప్రభుత్వం కాపలా కాస్తున్న వ్యాపారాన్ని మార్కెట్ అని పిలవడం కూడా సరికాదు.

ఇళ్లకు ఇచ్చే గ్యాస్‌కైనా దేశీయ గ్యాస్ కేటాయింపులో కేంద్రం ముందు పీట వేసింది. హోటళ్లకు, దుకాణాలకు అదీ లేదు. మా వీధి చివర కర్రీ పాయింట్ నడిపే ఆవిడ పొద్దున నాలుగింటికి పొయ్యి వెలిగిస్తుంది. పప్పు, వేపుడు, పులుసు, పచ్చడి, సాంబారు, పదకొండింటికల్లా పొట్లాలు సిద్ధం. ఈమధ్య పైపు కనెక్షన్ తీసుకుంది. బండలు మోసే బాధ తప్పిందని సంతోషించింది. ఇప్పుడు ధర ఎప్పుడు మారుతుందో తెలియక, కూర పొట్లం ధర గోడ మీద సుద్దతో రాస్తోంది, ఇదివరకు పెయింటుతో రాయించిన బోర్డు తీసేసి. ‘పెంచితే పెంచారు, ముందు చెబితే నేనూ సర్దుకుందును గదమ్మా’ అంది. ఆవిడ అడిగిన ముందు చెప్పడమే నియంత్రణలో మొదటి మెట్టు.

విచారణ ధర కోసమే కాదు. పైపుల భద్రత మీద ఎంత ఖర్చు పెడుతున్నారు, పాత పైపులు ఎప్పుడు మారుస్తారు, లీకు అని ఫోను చేస్తే ఎన్ని నిమిషాల్లో వస్తారు అని అడిగే చోటు కూడా అదే. గోదావరి జిల్లాల్లో ఉన్నవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయి ఉన్న ఆ ఫొటోలు మరిచిపోలేం. అది పెద్ద పైపులైను, ఇళ్ల పైపులు కావు, ఒత్తిడిలో హస్తిమశకాంతరం ఉంటుంది. అయినా మన సముద్రంలోంచి, మన పొలాల కిందనుంచి గ్యాస్ తీసి కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా పంపిస్తున్న నేల మీద ఉన్న మనం, ఆ గ్యాస్ ధర మీదా భద్రత మీదా ఒక ప్రశ్న అడిగే హక్కు అడగడం అత్యాశ కాదు.

పన్ను సంగతి ఒక్క మాట. సహజవాయువు ఇప్పటికీ జీఎస్టీలో లేదు, రాష్ట్రాలు వ్యాట్ వేస్తాయి. బిల్లులో ప్రభుత్వ వాటా ఎంతో విడిగా తెలిస్తే ఆ ప్రశ్న ప్రభుత్వాన్నే అడుగుతాం. అది కూడా విచారణలో బయటపడేదే.

నేను కోరేది పెద్ద విప్లవం కాదు. పార్లమెంటు 2006 చట్టానికి సవరణ చేయాలి. ప్రత్యేక హక్కుతో పైపులు వేసిన ప్రతి నగర గ్యాస్ కంపెనీ ధర పెంచాలంటే ముందుగా మండలికి దరఖాస్తు పెట్టాలి. గ్యాస్ కొన్నది ఎంతకు, రవాణా ఎంత, పైపుల నిర్వహణ ఎంత, పెట్టుబడి మీద రాబడి ఎంత, పన్ను ఎంత అని విడివిడిగా చూపాలి. ఆ జిల్లాలోనే, తెలుగులోనే విచారణ జరగాలి. ఢిల్లీ వెళ్లి చెప్పుకోమంటే చెప్పుకోవద్దని అన్నట్టే. గ్యాస్ కొనుగోలు ధర ఉన్నట్టుండి ఎగిరిపడితే తాత్కాలికంగా సర్దుకునే వీలు కంపెనీకి ఇవ్వండి, కానీ ఏడాది చివర ఆ లెక్క తేల్చి, ఎక్కువ వసూలైతే తిరిగి ఇప్పించండి. మేం కరెంటులో ట్రూఅప్ అని చేసిన పని అది. చేయడం సాధ్యమేనని చేసినదాన్నిగా చెబుతున్నాను. నియంత్రణ వస్తే కంపెనీలు పెట్టుబడి పెట్టవన్న భయం చూపిస్తారు. కరెంటు సంస్థలు ఇరవై ఏళ్లకు పైగా విచారణల మధ్యే లైన్లు వేశాయి, సబ్‌స్టేషన్లు కట్టాయి. తగిన రాబడి ఖాయమని ఉత్తర్వులో రాసి ఉంటే అప్పు ఇచ్చే బ్యాంకుకు కూడా అంతకంటే భరోసా లేదు.

చట్టం మారే దాకా ఆగకుండా కంపెనీలు ఒక పని చేయవచ్చు. ధర మార్చిన ప్రతిసారీ పాత ధర, కొత్త ధర, కారణం, ఖర్చుల విభజన ఒక పేజీలో బిల్లుతో పాటు ఇవ్వండి. దీన్ని ఏ కోర్టూ వద్దనలేదు.

ఈ వ్యాసం చదివే పైపు గ్యాస్ వినియోగదారులకు నా మనవి. బిల్లులు పారేయకండి. ధర మారిన ప్రతి తేదీ ఒక పుస్తకంలో రాసుకోండి, ఆ ఎర్ర అట్ట పుస్తకం రాసుకున్న రైతులాగా. మీ అపార్ట్‌మెంట్ సంఘం తరఫున మీ ఎంపీకి ఒక ఉత్తరం రాయండి. మా సంఘం నుంచి పోయిన ఆదివారం రాశాం, 42 ఇళ్ల వాళ్లు సంతకాలు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది లోక్‌సభకు వెళ్లారు. వారిలో ఏ ఒక్కరైనా లేచి నిలబడి, కరెంటుకు ఉన్న బహిరంగ విచారణ పైపు గ్యాస్‌కు ఎందుకు లేదని పెట్రోలియం మంత్రిని అడగాలని, ఆ జవాబు సభ రికార్డుల్లోకి ఎక్కించాలని చేతులు జోడించి కోరుతున్నాను.